పీకేముందు మొదలు చూడండి: ఏడాది మొక్క, రెండేళ్ల మొక్క, ఏళ్ల తరబడి బతికే మొక్క

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక అమ్మాయి అడిగారు. డాబా మీద ఇరవై కుండీల దాకా పెంచుతున్నారట. సంక్రాంతికి ముందు కొన్న బంతి, చామంతి రెండూ ఫిబ్రవరి వెళ్లేసరికి ఎండిపోయాయి. క్యాబేజీ నారు పెడితే పిడికెడంత గడ్డ కట్టి ఆగిపోయింది, పూతా రాలేదు, విత్తనమూ రాలేదు. నిరుడు మే నెలలో ఎర్రగా, గుండ్రంగా పూసిన లిల్లీ కుండీలో ఇప్పుడు మట్టి తప్ప ఏమీ లేదు. మిరప మొక్కకు ఏడాది దాటింది, కాపు తగ్గింది. "ఎండినవన్నీ పీకేసి కొత్తవి తెచ్చుకో అని మా అత్తయ్యగారు అంటున్నారు. విత్తనాల ప్యాకెట్ల మీద చూస్తే యాన్యువల్, బైయెన్నియల్, పెరెన్నియల్ అని ఉంది. ఏది చచ్చిందో, ఏది బతికుందో తెలియక టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

అమ్మా, ముందు ఒక మాట. ఇవాళ ఏదీ పీకొద్దు. మీరు చెప్పిన అయిదింటిలో ఆయుష్షు తీరింది బంతి ఒక్కదానికే. క్యాబేజీ కూరకు వచ్చినట్టే, కోసుకోండి. మిగిలిన మూడూ బతికే ఉండొచ్చు. నేను గుంటూరు బ్రాడీపేటలో ముప్ఫై ఏళ్లుగా పెరట్లోనూ డాబా మీదా మొక్కలు పెంచుతున్నాను. మా నాన్నగారిది ప్రత్తిపాడు దగ్గర మిరప సేద్యం. మా ఇంట్లో గానీ, మా చుట్టుపక్కల ఇళ్లలో గానీ తెగులొచ్చి పోయిన మొక్కల కంటే, బతికున్నదాన్ని చచ్చిందనుకుని మనుషులే పీకి పారేసినవి ఎక్కువ చూశాను. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు ప్యాకెట్ల మీద చూసిన ఆ మూడింటినీ మన పాఠ్యపుస్తకాల్లో ఏకవార్షికం, ద్వివార్షికం, బహువార్షికం అంటారు. నర్సరీలో ఎవరూ అలా అనరు. అక్కడ ఉన్నవి రెండే మాటలు: సీజన్ మొక్క, పర్మినెంట్ మొక్క. రెండేళ్ల మొక్కకు వాళ్ల దగ్గర పేరే లేదు. ఎందుకు లేదో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. ఈ ఏడాది, రెండేళ్లు అన్నవాటిని క్యాలెండర్ పెట్టి కొలవకండి. గింజ మొలిచిన దగ్గర్నుంచి ఆ మొక్క మళ్లీ తన గింజ తాను ఇచ్చేదాకా ఎంత కాలం పడుతుంది, ఇచ్చాక ఏమవుతుంది అన్నదే లెక్క.

ఏకవార్షిక మొక్క తన సంపాదనంతా ఒకే ఒక్క కాన్పు మీద పెడుతుంది. ఉన్నదంతా ఊడ్చి కూతురి పెళ్లి చేసిన తండ్రిలాంటిది. వేరులో గానీ కాండంలో గానీ రేపటికని ఏమీ దాచుకోదు. తోటకూర, గోంగూర, మెంతికూర, కొత్తిమీర, పొద్దుతిరుగుడు, జీనియా, కోడిజుట్టు పూలు, మీ బంతి, ఇవన్నీ ఈ జాతే. పేరు ఏడాది మొక్కే అయినా దేనికీ ఏడాది పట్టదు. ధనియాలు చల్లితే మూడు నాలుగు నెలల్లో మళ్లీ ధనియాలు చేతికొస్తాయి, మొక్క ఎండిపోతుంది. అది రోగం కాదు, మీ పెంపకంలో లోపం అసలే కాదు.

మీ బంతిని ఒకసారి దగ్గరగా చూడండి. ఎండిన పువ్వును రెండు వేళ్లతో నలిపితే సన్నటి నల్ల పుల్లలు, వాటి కొసన గడ్డిరంగు కుచ్చు ఉన్న గింజలు రాలతాయి. ఆ గింజలు గట్టిపడేటప్పుడే మొక్కలోని సత్తువ అంతా వాటిలోకి వెళ్లింది. అందుకే ముందు కింది ఆకులు పసుపెక్కాయి, తర్వాత కాండం గోధుమరంగుకు తిరిగింది. వాడిన పువ్వును గింజ పట్టకముందే తుంచుతూ వచ్చి ఉంటే, "ఇంకా పని కాలేదు" అనుకుని ఇంకో నెల పూసేది. ఇప్పుడు దాన్ని నీళ్లతో బతికించలేరు. బాగా ఎండిన నాలుగు పూలు కాగితం పొట్లంలో దాచుకుని మొక్క తీసేయండి. జులైలో గింజలు చల్లితే దసరాకు ఇంద్రకీలాద్రి అమ్మవారికి తీసుకెళ్లే పూలు మీ డాబా మీదే ఉంటాయి. అక్టోబరు మొదట్లో ఇంకో విడత చల్లితే సంక్రాంతికి గొబ్బెమ్మల మీదికి సరిపోతాయి. మీరు కొన్నది ముద్దబంతి హైబ్రిడ్ అయితే మాత్రం ఆ గింజ తల్లిలా రాదు. కొన్ని రేకపూలు పూస్తాయి, కొన్ని చిన్నబోతాయి. నాకు అవి కూడా ఇష్టమే, కానీ దండకు ఒకే సైజు కావాలంటే కొత్త విత్తనం కొనాల్సిందే.

ఏకవార్షికాల విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది గోంగూర దగ్గర. గుంటూరు వాళ్లం కదా, గోంగూర గురించి చెప్పకుండా దాటలేను. గోంగూర పగటి పొద్దు తగ్గడాన్ని పసిగట్టే మొక్క. రోజులు పొడుగ్గా ఉన్నంత కాలం ఆకు మీద ఆకు వేస్తుంది. దసరా రోజులకు పగలు కురచయ్యాక పూతకు తిరుగుతుంది. అందుకే ఉగాది దాటాక, లేదా తొలకరికి వేసిన గోంగూరను కొసలు తుంచుతూ నెలల తరబడి వండుకోవచ్చు. అదే గింజను సెప్టెంబరు చివర్లో వేస్తే మొక్క మోకాలెత్తు కూడా రాకముందే మొగ్గ తొడుగుతుంది. "మట్టిలో సారం లేదు" అని అప్పుడు ఎరువు మీద ఎరువు వేస్తుంటారు. మట్టిలో ఏ లోపమూ ఉండదు, వేసిన నెల తప్పు.

ఇక ద్వివార్షికం. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, ఉల్లి ఇవన్నీ పుట్టుకతో రెండేళ్ల మొక్కలు. మొదటి కాలంలో ఆకులు వేసుకుని, సంపాదించినదంతా ఒకచోట మూట కడతాయి. క్యారెట్, బీట్‌రూట్‌లకు ఆ మూట వేరు, ఉల్లికి గడ్డ, క్యాబేజీకి ఆకుల ముద్ద. ఆ తర్వాత చలికాలం రావాలి. మన చలి చాలదు. క్యాబేజీకైతే పది డిగ్రీల లోపు చలి కొన్ని వారాలపాటు తగలాలి. అలా తగిలితేనే లోపల పూతకు పిలుపు అందుతుంది. మళ్లీ ఎండ కాసినప్పుడు ఆ మూట విప్పి, ఉన్నదంతా ఖర్చు పెట్టి, నిలువెత్తు కాడ తోసి పూసి, గింజ ఇచ్చి చనిపోతుంది. విజయవాడలో జనవరి రాత్రి కూడా పదిహేను డిగ్రీలకు దిగడం అరుదు. మీ క్యాబేజీ ఆ పిలుపు కోసం చూస్తూ ఉండిపోయింది. పదేళ్లు పెంచినా మీ డాబా మీద అది పూయదు.

నర్సరీల్లో దీనికి పేరు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది కదా. మన ఊళ్లో దాని రెండో ఏడాదిని చూసినవాళ్లు లేరు. మనం మూట కట్టగానే కోసుకుని తినేస్తాం. క్యాబేజీ లాంటి చలి కూరగాయల విత్తనం హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ లాంటి చోట్ల తయారవుతుంది. అక్కడ కట్రాయిన్‌లో భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు ఇందుకోసమే ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. మీ నారు మొలిచిన గింజ తల్లి ఎక్కడో మంచు కొండల కింద ఒక చలికాలం గడిపి ఉంటుంది.

గడ్డ పిడికెడే ఎందుకు వచ్చిందంటే, మీరు నారు ఆలస్యంగా పెట్టి ఉంటారు, జనవరి చివర్లో ఎండ ముదిరింది. వచ్చే ఏడు అక్టోబరులో నాటండి. మొక్కకో పన్నెండు అంగుళాల కుండీ ఇవ్వండి, ఒకే కుండీలో మూడు ఇరికించకండి.

ముల్లంగి కొంచెం వేరు. మన దేశవాళీ ముల్లంగికి అంత చలి అక్కర్లేదు, ఆలస్యం చేస్తే ఆ సీజన్లోనే కాడ తోసి పూస్తుంది. కాడ తోసిందంటే గడ్డ బెండు పడుతుంది, ఇక కూరకు పనికిరాదు. ద్వివార్షికాన్ని మీ కళ్లతో చూడాలని ఉంటే ఉల్లిపాయతో చూడొచ్చు. వంటింటి బుట్టలో మొలకెత్తిన పాయను నవంబరులో కుండీలో సగం లోతుకు పెట్టండి. ఉల్లికాడలు కూరకు ఎలాగూ వస్తాయి. కొన్ని పాయలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో బోలుగా ఉండే ఒక లావుపాటి కాడ తోసి, చివర తెల్లటి గుండ్రటి పూగుత్తి ఇస్తాయి. అప్పుడు పాయను తవ్వి చూస్తే మెత్తగా, గుల్లగా ఉంటుంది. దాచిన మూట అంతా ఆ పూవులోకి పోయిందన్నమాట. మా మనవరాలికి స్కూల్లో ఈ పాఠం వచ్చినప్పుడు ఇదే చూపించాను. పాయను నిలువుగా కోసి, లోపల పొరలు ఎలా పల్చబడ్డాయో చూసి, "తాతయ్యా, ఇది తన అన్నం తనే తినేసింది" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

బహువార్షికం అంటే గింజ ఇచ్చినా చావనిది, ప్రతి కాపుకూ కొంత ఖర్చు పెట్టి కొంత దాచుకునేది. మందారం, నందివర్ధనం, గన్నేరు, సన్నజాజి, మల్లె వీటిని అందరూ గుర్తుపడతారు, కాండం చెక్కబారి ఏడాది పొడవునా కంటికి కనిపిస్తుంది కాబట్టి. వీటితో మీకు గొడవ ఉండదు. గొడవంతా కంటికి కనిపించకుండా బతికే బహువార్షికాలతోనే.

పసుపు సంగతి తీసుకోండి. దుగ్గిరాల యార్డుకు వచ్చే పసుపంతా జూన్, జులై నెలల్లో నాటినదే. సంక్రాంతి దాటాక ఆకు మొత్తం ఎండి నేలకు వాలిపోతుంది. పంట లెక్కలో అది ఎనిమిది తొమ్మిది నెలల పైరు. కానీ దుంప తవ్వకుండా వదిలేస్తే తొలకరి జల్లు పడగానే అదే చోట మళ్లీ మొలక వస్తుంది. కంద అంతే, చంద్రకాంత పూలు అంతే, నేలసంపెంగ అంతే. పైన ఇల్లు తాళం వేసి ఉంటుంది, లోపల మనిషి ఉంటాడు.

మీ లిల్లీ సరిగ్గా ఇదే. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది మే లిల్లీ, కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన దుంప మొక్క. ఎండాకాలం చివర తొలి వానల వేళ ముందు పువ్వు, తర్వాత ఆకు వస్తాయి. చలికాలంలో ఆకు పండిపోయి మాయమవుతుంది. మిగతా నెలలన్నీ మట్టిలోనే ఉంటుంది.

దీని గురించి నాకు ఒక బాధ ఉంది, చెబుతాను. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మే లిల్లీ కుండీ ఒకటి మా మెట్ల కింద ఉండేది. అమ్మ పోయిన ఏడాది డిసెంబరులో ఇంటికి రంగులు వేయించాం. ఖాళీ కుండీ అడ్డంగా ఉందని మట్టి గుమ్మరించమన్నాను. పనివాళ్లు ఆ మట్టి తీసుకెళ్లి ఎక్కడో పోశారు. మే నెల వచ్చింది. ప్రతి ఏడూ మెట్లు దిగేటప్పుడు కనబడే ఎర్రటి పువ్వు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ కొనుక్కున్నాను, ఇప్పుడు మా ఇంట్లో నాలుగు కుండీలున్నాయి, కానీ అవి అమ్మ దుంపలు కావు. అప్పటినుంచి దుంప ఉన్న ప్రతి కుండీకీ ఒక ఎండు కర్ర గుచ్చి పేరు రాసి పెడుతున్నాను. మీరు కూడా ఇవాళే ఆ కుండీలో కర్ర గుచ్చండి. నీళ్లు రోజూ పోయకండి, దుంప కుళ్లుతుంది. పది పదిహేను రోజులకోసారి పైపైన చిలకరిస్తే చాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో కుండీని గోడ నీడకు జరపండి. మట్టిని చీలుస్తూ ముక్కులాంటి మొగ్గ కనబడిన రోజు నుంచి మామూలుగా నీళ్లు పోయండి.

బహువార్షికాల్లోనే ఇంకో రకం ఉంది. ఆ బోదెకు ఒకటే కాపు, కానీ మొక్క చావదు. అరటి అలాంటిది. గెల వేసిన బోదె మళ్లీ గెల వేయదు. తెనాలి, కొల్లిపర వైపు అరటి తోటల్లో గెల కోసిన బోదెను నరికేస్తారు, పక్కన వచ్చిన సూది పిలకను వదులుతారు. అలా అదే చోట తోట నడుస్తుంది. రైలు కట్టల పక్కన కంచెలా పెంచే కిత్తనార ఏళ్ల తరబడి పెరిగి, ఒక్కసారి స్తంభమంత కాడ తోసి పూసి, ఎండిపోతుంది. చుట్టూ పిల్లల్ని వదిలి వెళ్తుంది. వెదురులో కొన్ని జాతులైతే దశాబ్దాలు గడిచాక ఒకేసారి పూసి పోతాయి. అరటి పెట్టినవాళ్లు గెల కోశాక బోదె ఎండుతోందని మొత్తం దుంప తవ్వేయకండి. నా దగ్గరికి ఏటా ఒకరిద్దరు ఇదే అడుగుతూ వస్తారు.

ఇప్పుడు ప్యాకెట్ల మీది మాట గురించి. ఆ మాటలు పుట్టింది చలి దేశాల తోటల్లో. అక్కడ శీతాకాలంలో మంచు కురిసి లేత మొక్కలన్నీ చచ్చిపోతాయి. కాబట్టి మంచుకు ఆగని ప్రతిదాన్నీ యాన్యువల్ అని రాసేస్తారు. దీనికి మన గుంటూరు మిరపకన్నా పెద్ద సాక్ష్యం లేదు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో దీనికి క్యాప్సికమ్ ఆన్యూమ్ అని పేరు పెట్టాడు. ఆన్యూమ్ అంటే లాటిన్‌లో ఏడాదిది అని. కానీ మిరప పుట్టింది మెక్సికో ప్రాంతంలో. చలి లేని చోట అది చెక్కబారిన కాండంతో రెండు మూడేళ్లు బతికే పొద. టమాటా, వంగ, కంది, పత్తి, ఆముదం కూడా స్వభావంతో బహువార్షికాలే, మనం పంట కోసం ఏడాదికో సీజనుకో కుదించుకున్నాం. మన బిళ్ల గన్నేరు చలి దేశాల్లో సీజన్ మొక్కగా అమ్ముడవుతుంది, ఇక్కడ గోడ పగుళ్లలో ఏళ్ల తరబడి పూస్తుంది. అలాగే తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 మునగను యాన్యువల్ మునగ అంటారు. ఆ పేరు చూసి కాపు అవగానే పీకేసినవాళ్లను చూశాను. గింజ వేసిన ఆరేడు నెలలకే కాయ వస్తుందని దానికా పేరు, చస్తుందని కాదు. కాపు అయ్యాక మోడు కొట్టి వదిలితే ఇంకో రెండు మూడేళ్లు కాస్తుంది.

తలకిందులుగా కూడా జరుగుతుంది. చలి దేశాల్లో మంచు చేసే పని మన దగ్గర మే నెల ఎండ చేస్తుంది. పెటూనియా, డయాంతస్, హాలీహాక్ లాంటివి ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా విజయవాడ డాబా మీద నవంబరు నుంచి మార్చి దాకా వచ్చి పోయే అతిథులే. వాటి మీద బెంగ పెట్టుకోవద్దు. ప్యాకెట్ మీది మాటను చదివి, "మా ఊళ్లో దీన్ని చంపేది ఏంటి" అని ఒక ప్రశ్న కలుపుకోండి. చలి చంపేదైతే మన దగ్గర బతుకుతుంది. ఎండా, వాననీటి నిలవా చంపేవైతే ఇక్కడ సీజన్ మొక్కే.

చామంతి దగ్గరే అందరూ పొరపాటు పడతారు. అది బహువార్షికం. పూలయ్యాక పైకాడలు నిజంగానే ఎండుతాయి, మొక్క మాత్రం మొదట్లో ఉంటుంది. మీ చామంతి కుండీ దగ్గర కూర్చుని, కాండం మట్టిని తాకేచోట గోటితో సన్నగా గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉందా? తర్వాత మట్టిని వేలితో అర అంగుళం పక్కకు తీయండి. తెల్లగా, లేత ఆకుపచ్చగా ముక్కులు కనిపిస్తే అవే పిలకలు. గీరితే గోధుమరంగు పొడి రాలి, కాండాన్ని కొద్దిగా లాగితే వేళ్లతో సహా ఊడొస్తే అది పోయింది. పచ్చగా ఉంటే పైకాడలన్నీ నేలకు నాలుగంగుళాల ఎత్తులో కత్తిరించి, కుండీని పొద్దున ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చండి. పై మట్టి ఆరితేనే నీళ్లు. చామంతి ఎండకన్నా బురదకే ఎక్కువ చస్తుంది.

జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించి గాలి చల్లబడ్డాక ఆ పిలకల్ని వేళ్లతో విడదీసి కుండీకొకటి నాటండి. ఒక కుండీ నుంచి ఆరేడు రావడం మామూలే. జులై, ఆగస్టుల్లో తలలు తుంచితే గుబురెక్కుతుంది. ఇంకొకటి, చామంతి కూడా గోంగూరలాగే పొద్దును చూసే మొక్క. రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. డాబా మీద వీధి దీపం వెలుతురు రాత్రంతా పడేచోట పెడితే నవంబరు దాటినా ఆకులే వేస్తుంది. మా పక్కింటివాళ్లది ఇదే సమస్య. కుండీని వాటర్ ట్యాంకు వెనక్కి జరిపాక మొగ్గలు వచ్చాయి.

మల్లె మీ దగ్గర లేదన్నారు, పెట్టుకోండి. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే మొక్క మోడులా కనిపిస్తుంది. మైలవరం వైపు తోటల్లో ఆ రోజుల్లో చూస్తే తోట చచ్చిపోయిందా అనిపిస్తుంది. మార్చికల్లా చిగురుతో పాటు మొగ్గ వస్తుంది. తులసి కూడా బహువార్షికమే, కానీ కంకులు ముదరనిస్తే రెండో ఏటికే చెక్కబారి దిగజారుతుంది. కంకి లేతగా ఉన్నప్పుడే తుంచుతూ ఉంటే మూడు నాలుగేళ్లు నిలుస్తుంది.

కుండీల విషయంలో ఈ తేడా డబ్బులు కూడా మిగులుస్తుంది. సీజన్ మొక్కకు ఎనిమిదంగుళాల కుండీ చాలు, ప్రతి విడతకూ మట్టి తిరగేసి కొత్త ఎరువు కలుపుతాం కాబట్టి. పర్మినెంట్ మొక్కకు మొదటే పెద్ద కుండీ పెట్టి, రెండేళ్లకోసారి తొలకరిలో తీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లు కొంత కత్తిరించి, మట్టి మార్చాలి. కడియం నుంచి లారీల్లో వచ్చే పూల మొక్కలు కొనేటప్పుడు "ఇది ఎన్నాళ్లు ఉంటుంది" అని అడగొద్దు, అమ్మేవాళ్లు ఏదో ఒకటి చెబుతారు. "పూలయ్యాక దీన్ని కత్తిరించాలా, పీకేయాలా" అని అడగండి. పెంచే మనిషైతే ఆ ప్రశ్నకు సరైన జవాబు చెబుతారు.

మిగిలింది మీ మిరప. పొలంలో రైతు ఏడాదికే తీసేయడానికి కారణాలున్నాయి. రెండో ఏట కాయ చిన్నదవుతుంది, దిగుబడి గిట్టదు. ముఖ్యంగా పాత మొక్క పురుగుకూ వైరస్‌కూ ఇల్లవుతుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఎలా తినేసిందో మా వైపు ఊళ్లన్నీ చూశాయి, పూత మొత్తం ఎండి రాలిపోయింది. అందుకని మీ మొక్కను ఉంచాలో తీసేయాలో ఆకు వెనక చూసి తేల్చుకోండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ రెండింటికీ వేపనూనె నాలుగు రోజులకోసారి వెనకవైపు తడిసేలా కొట్టి చూడొచ్చు. కొత్త చిగుళ్లు చిన్నచిన్నగా, గుత్తుల్లా ముద్దకట్టి, మొక్క గిడసబారి ఉంటే అది వైరస్, మందు లేదు. దాన్ని పీకి సంచిలో కట్టి పడేయండి, మిగతా కుండీల మధ్య వదలొద్దు.

ఆకు శుభ్రంగా ఉంటే ఇప్పుడు పెద్దగా కత్తిరించకండి. ఈ ఎండల్లో ఆ ఆకులే మొక్కకు గొడుగు. ఎండు కొమ్మలు మాత్రం తీసేసి, పై మట్టి రెండంగుళాలు మార్చి పశువుల ఎరువు వేసి, మధ్యాహ్నం నీడ పడేచోట ఉంచండి. జూన్‌లో రెండు వానలు పడ్డాక అడుగు ఎత్తుకు నరికితే కణుపు కణుపుకూ చిగురొస్తుంది, ఆగస్టుకు మళ్లీ పచ్చిమిర్చి కోసుకుంటారు. మా పెరట్లో నూతి పక్కన ఒక మిరప మొక్క అలా నాలుగేళ్లు కాసింది. కాండం బొటనవేలంత లావైంది. దాని కింద మా అమ్మ మట్టి ప్రమిదలో పిచ్చుకలకు నీళ్లు పెట్టేది.

చామంతి మొదలు గీరి చూశాక పచ్చగా ఉందో లేదో రాయండి. ముక్కులు కనిపించినా మృగశిర దాకా విడదీయొద్దు, అత్తయ్యగారికి కూడా ఆ మాట చెప్పి ఉంచండి.